మా అబ్బాయి ఇప్పుడే డ్రాఫ్ట్‌కు వెళ్ళాలా, కాలేజీలో ఇంకో ఏడాది ఆడాలా?

డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఒక ఊరి నుంచి, పేరు వెయ్యవద్దని కోరుతూ ఒక తల్లి డిసెంబరు చివర్లో ఈ ఉత్తరం రాశారు. దంపతులిద్దరూ తెనాలి ప్రాంతం నుంచి పాతికేళ్ళ కిందట అమెరికా వెళ్ళి స్థిరపడిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. అక్కడే పుట్టి పెరిగిన వారి అబ్బాయికి ఇరవై ఒక్కేళ్ళు. స్కూల్లో మొదలైన అమెరికన్ ఫుట్‌బాల్ ఇష్టం అతన్ని దక్షిణాది రాష్ట్రాల్లోని ఒక పెద్ద విశ్వవిద్యాలయం జట్టు దాకా తీసుకువెళ్ళింది. రెండేళ్ళు పక్కన కూర్చున్నాక మొన్నటి సీజన్‌లో క్వార్టర్‌బ్యాక్ స్థానం దక్కింది. 13 మ్యాచ్‌లు ఆడాడు, బాగా ఆడాడు. మొదటి ఏడాది లెక్కలోకి రాలేదు కనుక కాలేజీలో ఆడటానికి ఇంకా రెండు సీజన్ల అర్హత ఉంది.

ఆ ఆటతో పరిచయం లేని పాఠకుల కోసం రెండు మాటలు. ఎదుటి జట్టు ఎలా నిలబడిందో చూసి, బంతి చేతికి అందిన రెండు మూడు సెకన్లలో దాన్ని ఎవరికి విసరాలో తేల్చుకోవలసినవాడు క్వార్టర్‌బ్యాక్. ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని 32 జట్లు ప్రతి ఏప్రిల్‌లో ఏడు రౌండ్ల డ్రాఫ్ట్‌లో కాలేజీ ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకుంటాయి. హైస్కూలు వదిలి మూడేళ్ళయినవారు దానికి అర్హులు. కాలేజీ అర్హత మిగిలి ఉండగానే వెళ్ళదలచుకున్నవారు జనవరి మధ్యలోగా ఆ మాట లీగ్‌కు తెలియజేయాలి.

ఆ గడువు దగ్గరపడుతూ ఉండటంతో ఇంట్లో ఎవరి మాట వారిదే అయిపోయిందని ఆ తల్లి రాశారు. భర్త ఇప్పుడే వెళ్ళాలంటున్నారు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నది ఆయన వాదం. తాను ఏజెంటునని చెప్పే ఒకాయన వారం వారం ఫోన్ చేసి రెండో రౌండు ఖాయమని ఆయనకు భరోసా ఇస్తున్నారు. అబ్బాయి వ్యవహారాలు చూసుకోవడానికి ఉద్యోగం మానేస్తానని కూడా ఆయన అంటున్నారు. లీగ్ సలహా సంఘం నుంచి వచ్చిన జవాబు మాత్రం వేరుగా ఉంది: మొదటి రెండు రౌండ్లలో ఎంపికయ్యే అవకాశం కనిపించడం లేదు, కాలేజీలో కొనసాగడం మంచిది. ఈలోగా అబ్బాయికి ఆట నేర్పిన అఫెన్సివ్ కోఆర్డినేటర్ (జట్టు దాడి ఆటను నడిపించే కోచ్) మరో విశ్వవిద్యాలయానికి హెడ్ కోచ్‌గా వెళ్ళి, తన వెంట వస్తే ఏడాదికి 12 లక్షల డాలర్లు ఇప్పిస్తానని కబురు పంపారు. తల్లి పట్టుదల డిగ్రీ మీద. ఇంకా ఏడు కోర్సులు మిగిలి ఉన్నాయి. తెనాలి నుంచి తాతగారు ఫోన్ చేసి చదువు ముగిశాకే ఏదైనా అంటున్నారు. సెలవులకు ఇంటికి వచ్చిన అబ్బాయి భోజనాల దగ్గర ఈ మాట రాగానే కంచం సింకులో పెట్టేసి మేడ మీదికి వెళ్ళిపోతున్నాడు. ఉత్తరం చివర ఆమె ఇంకొక సంగతి రాశారు. అక్టోబరు నుంచి విసిరే చేతి భుజం నొప్పిగా ఉందని, నాన్నకూ కోచ్‌లకూ చెప్పవద్దని అబ్బాయి ఆమె దగ్గర మాట తీసుకున్నాడట. "మా ఇద్దరిలో ఎవరి మాట సరైనది? వాడికి ఏమని చెప్పాలి?" అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా,

మీ ఉత్తరంలో అయిదు పేజీలు డబ్బు గురించి, డిగ్రీ గురించి, మీ వారి పట్టుదల గురించి ఉన్నాయి. భుజం గురించి చివరి పేరాలో నాలుగు వాక్యాలే ఉన్నాయి. నేను ఆ నాలుగు వాక్యాలతోనే మొదలుపెట్టాలనుకుంటున్నాను, ఎందుకంటే మీ ఇంట్లో ముగ్గురూ మూడు వేర్వేరు సమాచారాల మీద నిలబడి వాదించుకుంటున్నారు. మీ వారికి నొప్పి సంగతి తెలియదు. మీకు తెలుసు కానీ అది ఎంతటిదో తెలియదు. నొప్పి ఏ స్థాయిలో ఉందో అబ్బాయికి తెలుసు, కానీ దానికి కారణమేమిటో అతనికీ తెలియదు. ఇలాంటి స్థితిలో ఎవరి మాట సరైనదో నేను తీర్పు చెబితే అది గాలిలో చెప్పిన తీర్పే అవుతుంది.

నొప్పిని దాచి డ్రాఫ్ట్‌కు వెళ్ళవచ్చునని అతను అనుకుంటూ ఉంటే, ఆ దారి లేదని అతనికి తెలియాలి. డ్రాఫ్ట్‌కు ముందు ఇండియానాపొలిస్‌లో జరిగే కంబైన్‌కు పిలుపు వస్తే, అక్కడ పరుగులు, విసుర్లు చూడటం కన్నా ముఖ్యంగా జట్ల డాక్టర్లు ఒక్కొక్కరినీ క్షుణ్ణంగా పరీక్షిస్తారు. క్వార్టర్‌బ్యాక్ విసిరే భుజాన్ని చూడకుండా వదిలిపెట్టే డాక్టరు ఉండడు. అప్పుడు బయటపడితే గాయం ఒక్కటే కాక, దాచాడన్న మాట కూడా అతని పేరు పక్కన చేరుతుంది. తెలిసిన గాయానికి, దాచిన గాయానికి ఎంత తేడా ఉంటుందో మీ ఊరికి దగ్గరలోనే, ఆర్లింగ్టన్ స్టేడియంలో మొదలైన ఒక కథ చెబుతుంది. ఓక్లహోమా క్వార్టర్‌బ్యాక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్ 2008లో కాలేజీ ఆటలో అత్యున్నతమైన హైస్మన్ ట్రోఫీ గెలుచుకుని కూడా డ్రాఫ్ట్‌కు వెళ్ళక, ఇంకో ఏడాది ఉండిపోయాడు. 2009 సెప్టెంబరులో సీజన్ మొదటి మ్యాచ్‌లోనే బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం ఆటగాడు ఒకడు ఢీకొట్టడంతో అతను విసిరే భుజం నేలకు తగిలేలా పడిపోయాడు. కొన్ని వారాలకు తిరిగి వచ్చి ఆడితే మళ్ళీ అదే భుజం దెబ్బతింది, ఆపరేషన్ అయింది. అంతా అందరికీ తెలిసే జరిగింది. ఆపరేషన్ తరువాత కోలుకుని మార్చిలో జట్ల ప్రతినిధుల ఎదుట బంతులు విసిరి చూపించాడు, 2010 డ్రాఫ్ట్‌లో అందరికన్నా ముందు ఎంపికయ్యాడు.

కనుక మీరు చేయవలసిన మొదటి పని మీ వారితో వాదించడం కాదు, ఈ వారంలో ఒక మంచి స్పోర్ట్స్ ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గర భుజానికి ఎం‌ఆర్‌ఐ తీయించేలా అబ్బాయిని ఒప్పించడం. జట్టుతో గానీ ఏజెంటుతో గానీ సంబంధం లేని డాక్టరైతే మంచిది. అతనికి ఇచ్చిన మాట తప్పి మీరే మీ వారికి చెప్పమని నేను అనను. ఆ మాట దాటితే ఇకమీదట మీతో కూడా ఏమీ చెప్పడు. కానీ "నువ్వు నాన్నకు చెప్పేదాకా ఈ విషయంలో నా అభిప్రాయం నేను చెప్పను, ఎందుకంటే సగం తెలిసిన మనిషితో వాదించడం ఆయనకు అన్యాయం" అని అతనితో సూటిగా అనే హక్కు మీకు ఉంది. మీ వారి వాదానికి ఈ భుజం రెండు వైపులా పదునైనదని కూడా గుర్తుంచుకోండి. గాయం నయమయ్యేదైతే తొందరపడవలసిన అవసరం తగ్గుతుంది. ఆడిన కొద్దీ అరిగిపోయే రకమని డాక్టరు చెబితే, దీపం ఉండగానే చక్కబెట్టుకోవాలన్న ఆయన మాటకు ఇప్పటికన్నా ఎక్కువ బలం వస్తుంది. ఆయన వాదానికి అన్నిటికన్నా అవసరమైన సంగతి ఆయనకే తెలియకుండా ఉంది.

ఇప్పుడు డబ్బు. పదిహేనేళ్ళ కిందట మీరు ఈ ఉత్తరం రాసి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. అప్పట్లో కాలేజీ ఆటగాడికి స్కాలర్‌షిప్ తప్ప పైసా అందేది కాదు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మాత్రం మొదటి ఎంపికకు ఆకాశాన్నంటే ఒప్పందాలు ఉండేవి. నేను చెప్పిన బ్రాడ్‌ఫర్డ్‌కు 2010లో ఆరేళ్ళకు 7.8 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది, అందులో 5 కోట్లు హామీ. మరుసటి ఏడాదే లీగ్‌కూ ఆటగాళ్ళ సంఘానికీ కుదిరిన కొత్త ఒడంబడిక కొత్తవారి జీతాలకు కళ్ళెం వేసింది. 2011లో మొదట ఎంపికైన క్యామ్ న్యూటన్‌కు నాలుగేళ్ళకు దక్కింది సుమారు 2.2 కోట్లే. ఇటు కాలేజీ వైపు 2021 జూలై నుంచి ఆటగాళ్ళు తమ పేరు, రూపం మీద సంపాదించుకోవచ్చునన్నారు. కోర్టు ఆమోదించిన రాజీ ప్రకారం 2025 జూలై నుంచి విశ్వవిద్యాలయాలే తమ క్రీడాకారులకు నేరుగా డబ్బు పంచుతున్నాయి. మొదటి ఏడాదికి ఒక్కో విద్యాసంస్థకు ఉన్న పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. అందులో పెద్ద వాటా ఫుట్‌బాల్‌కు, ఫుట్‌బాల్‌లో పెద్ద వాటా క్వార్టర్‌బ్యాక్‌కు వెళ్ళడం సహజం. మీ అబ్బాయికి వచ్చిన 12 లక్షల కబురు ఆ మార్పులోంచి వచ్చినదే.

దీనికి ఎదురుగా డ్రాఫ్ట్ లెక్క పెట్టి చూడండి. మొదటి రౌండులో ఎంపికైతే నాలుగేళ్ళ ఒప్పందం, అది దాదాపు మొత్తం హామీ సొమ్ము. 2025లో మొదటి ఎంపికకు అది 4.8 కోట్ల డాలర్లు దాటింది. రౌండు దిగిన కొద్దీ మొత్తమే కాదు, హామీ కూడా కరిగిపోతుంది. చివరి రౌండ్లలో ఎంపికైనవాడికి సంతకం చేసినప్పుడు ఇచ్చే కొద్దిపాటి బోనస్ తప్ప మిగిలినది దాదాపుగా మాట మీద ఉన్న డబ్బే. ఆగస్టు చివర్లో జట్టును కుదించేటప్పుడు పేరు తీసేస్తే అది రాదు. జట్టులో నిలిచినవాడికి 2025లో మొదటి ఏడాది కనీస జీతం 8.4 లక్షల డాలర్లు. నిలవనివాడిని ప్రాక్టీస్ స్క్వాడ్‌లో పెట్టుకుంటే వారానికి 13 వేలు, అది కూడా ఉంచుకున్నన్ని వారాలే. మీ వారు "ఇప్పుడు వెళ్తే డబ్బు" అంటున్నారు కానీ, చివరి రౌండ్లలో వెళ్తే ఈ ఏడాది వరకు కాలేజీలో ఉండటమే ఎక్కువ డబ్బు. ఈ ఒక్క సంగతి ఆయనకు కాగితం మీద వేసి చూపించండి. ఇద్దరూ లెక్కలతో పని చేసేవారే కనుక ఇక్కడ గొంతు పెంచవలసిన అవసరం రాదు.

ఆయన వైపు న్యాయం కూడా చెప్పాలి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అసలు సంపద రెండో ఒప్పందంతో వస్తుంది. సిన్సినాటి క్వార్టర్‌బ్యాక్ జో బరో 2023లో చేసుకున్న రెండో ఒప్పందం అయిదేళ్ళకు 27.5 కోట్ల డాలర్లు. మూడు సీజన్లు పూర్తయితే తప్ప ఆ ఒప్పందం మాట ఎత్తడానికి వీలుండదు కనుక, ఎంత తొందరగా లీగ్‌లో అడుగుపెడితే అంత తొందరగా ఆ గడియారం మొదలవుతుందన్నది నిజం. కానీ ఆ గడియారం ఆడేవాడికే పనికి వస్తుంది, పక్కన నిలబడినవాడికి కాదు.

నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ముఖ్యమని తోచేది ఇదే. మీరిద్దరూ డబ్బా, చదువా అని తర్కించుకుంటున్నారు. మీ అబ్బాయి ముందున్న ప్రశ్న ఇంకొకటి: వచ్చే సెప్టెంబరులో బంతి అతని చేతికి ఎవరు ఇస్తారు? వెనక వరుసలో ఆడేవాడు, పరుగెత్తేవాడు మ్యాచ్‌కు కాసేపైనా మైదానంలోకి దిగుతారు. క్వార్టర్‌బ్యాక్ స్థానంలో మాత్రం ఒక్కడే ఆడతాడు, రెండోవాడు సీజన్ అంతా టోపీ పెట్టుకుని గీత అవతల నిలబడవలసి రావచ్చు. మ్యాచ్‌లే కాదు, వారం మధ్యలో జరిగే ప్రాక్టీస్‌లో కూడా అసలు ఆటగాడికే ఎక్కువ అవకాశాలు దక్కుతాయి. కొత్తగా వచ్చిన మూడోవాడు ఎదుటి జట్టు క్వార్టర్‌బ్యాక్‌లా నటించి తన జట్టు డిఫెన్స్‌కు సాధన చేయించడంతో సరిపెట్టుకోవాలి. ఈ స్థానంలో చదివీ చూసీ నేర్చుకునేది తక్కువ, మీద పడుతున్న మనుషుల మధ్య నిలబడి తప్పులు చేసి నేర్చుకునేది ఎక్కువ. జట్టు ఎంత ఎక్కువ ఖర్చు పెట్టి ఎంచుకుంటే ఆ తప్పులను అంత కాలం భరిస్తుంది.

మీ అబ్బాయిలాగే 13 మ్యాచ్‌ల అనుభవంతో వెళ్ళిన ఆంథొనీ రిచర్డ్‌సన్ కథ ఈ కారణంగానే చూడాలి. ఫ్లోరిడా నుంచి వచ్చిన ఆ కుర్రవాడి వేగం, చేతి బలం చూసి ఇండియానాపొలిస్ కోల్ట్స్ 2023లో నాలుగో ఎంపికగా తీసుకుంది. అంత పైన తీసుకున్నందువల్లే మొదటి రోజు నుంచి ఆడించింది. నాలుగు మ్యాచ్‌లకే విసిరే భుజానికి గాయమై ఆపరేషన్ అయింది, రెండో ఏడాది మధ్యలో కూర్చోబెట్టారు, మూడో ఏడాది స్థానం డేనియల్ జోన్స్‌కు వెళ్ళిపోయింది. నాలుగో ఎంపిక మీదే జట్టుకు ఉన్న ఓపిక రెండేళ్ళు నిలవలేదంటే, అయిదో రౌండులో తీసుకున్నవాడి మీద ఎన్నాళ్ళు ఉంటుందో మీరే ఊహించండి. వెనకటి తరం కోచ్ బిల్ పార్సెల్స్ క్వార్టర్‌బ్యాక్‌ను ఎంచుకోవడానికి పెట్టుకున్న కొలతల్లో కనీసం 30 మ్యాచ్‌లు మొదటి నుంచి ఆడి ఉండాలన్నది ఒకటి. ఆ కొలతలు ఇప్పుడు ఎవరూ అక్షరాలా పాటించరు గానీ వెనక ఉన్న ఆలోచన పాతబడలేదు.

మీ వారు బహుశా బ్రాక్ పర్డీ పేరు ఎత్తుతారు, ఎత్తాలి కూడా. 2022 డ్రాఫ్ట్‌లో చిట్టచివరి 262వ ఎంపిక అతను. ఆ ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కో జట్టులో ముందున్న ఇద్దరూ గాయపడటంతో మైదానంలోకి దిగి, మరుసటి సీజన్‌లో జట్టును లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ దాకా నడిపించాడు. కానీ అతను అయోవా స్టేట్‌లో నాలుగేళ్ళు ఆడి, నలభైకి పైగా మ్యాచ్‌లు చూసి వచ్చినవాడు. అవకాశం అనుకోకుండా వచ్చినా దాన్ని అందుకునే సన్నద్ధత అనుకోకుండా రాలేదు. అలాగే టెక్సస్ విశ్వవిద్యాలయానికి మూడేళ్ళు ఆడిన క్విన్ ఎవర్స్ 2025లో అర్హత ఉండగానే డ్రాఫ్ట్‌కు వెళ్ళి, ఏడో రౌండులో 231వ ఎంపికగా మిగిలాడు. అయినా ఆ సీజన్ చివర్లో మయామీ డాల్ఫిన్స్ తరఫున ఆడే అవకాశం వచ్చింది. కింద ఎంపికైతే తలుపులు మూసుకుపోతాయని నేను అనడం లేదు. ఆ తలుపు వేరొకరి గాయం వల్లో, వేరొకరి వైఫల్యం వల్లో తెరుచుకోవాలి, అది మీ చేతిలో గానీ అతని చేతిలో గానీ ఉండదు.

ఇంత చెప్పాక, కాలేజీలో ఉండిపోవడం భద్రమైన దారి అని మీరు నిశ్చింతగా ఉండటం కూడా నాకు ఇష్టం లేదు. సదరన్ కాలిఫోర్నియా క్వార్టర్‌బ్యాక్ మ్యాట్ బార్క్‌లీ 2011 సీజన్ తరువాత వెళ్ళి ఉంటే మొదటి రౌండు ఖాయమన్నారు. అతను ఉండిపోయాడు. 2012లో జట్టు కుదేలయింది, నవంబరులో భుజం దెబ్బతింది, 2013లో నాలుగో రౌండులో 98వ ఎంపికయ్యాడు. ఇటీవల 2025లోనే పెన్ స్టేట్‌కు తిరిగి వచ్చిన డ్రూ అలర్ విషయం చూడండి. సీజన్‌కు ముందు దేశంలో రెండో ర్యాంకులో ఉన్న జట్టు వరసగా ఓడింది, అక్టోబరులో నార్త్‌వెస్టర్న్‌తో మ్యాచ్‌లో కాలికి గాయమై అతని సీజన్ ముగిసింది, మరునాడే కోచ్‌ను తొలగించారు. ఒక్క ఆటగాడి నిర్ణయంలో అతని పొరపాటు ఏమీ లేకుండానే ఇన్ని జరుగుతాయి. అందుకే ఉండే పక్షంలో గాయం వల్ల డ్రాఫ్ట్ స్థానం పడిపోతే పరిహారం ఇచ్చే బీమా గురించి విశ్వవిద్యాలయంలో నియమాల సంగతి చూసే కంప్లయన్స్ ఆఫీసులో అడగండి. అయితే ముందే ఉన్న గాయాలను ఆ పాలసీలు సాధారణంగా మినహాయిస్తాయి. భుజం సంగతి చెప్పకుండా తీసుకున్న పాలసీ అవసరమైన రోజున పనికిరాదు.

బదిలీ సంగతి కొంచెం నిదానంగా చూడవలసినది. నచ్చిన కోచ్ వెంట వెళ్ళడం తప్పు కాదు. తనకు ఆట తెలిసిన మనిషి, తన లోపాలు తెలిసిన మనిషి అక్కడ ఉండటం పెద్ద సౌకర్యం. 2025లో డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక అయిన క్యామ్ వార్డ్ జీవితం ఈ విషయంలో మీకు చాలా దగ్గరగా ఉంటుంది. శాన్ ఆంటోనియోలోని ఇన్‌కార్నెట్ వర్డ్ అనే చిన్న విశ్వవిద్యాలయంలో మొదలైన అతను, తన కోచ్ ఎరిక్ మారిస్ వాషింగ్టన్ స్టేట్‌కు వెళ్తే వెంట వెళ్ళాడు. ఒక్క సీజన్ అయ్యేసరికి ఆ కోచ్ నార్త్ టెక్సస్‌కు హెడ్ కోచ్‌గా వెళ్ళిపోయాడు, వార్డ్ అక్కడే మిగిలిపోయి ఇంకొకరి దగ్గర మరో ఏడాది ఆడాడు. 2024 జనవరిలో డ్రాఫ్ట్‌కు వెళ్తున్నానని ప్రకటించి, కొద్ది రోజుల్లోనే ఆ మాట వెనక్కి తీసుకుని మయామీ విశ్వవిద్యాలయంలో చేరాడు. ఆ ఏడాది 39 టచ్‌డౌన్ పాస్‌లు (జట్టుకు పాయింట్లు తెచ్చిపెట్టే విసుర్లు) విసిరి, ఏడాది ముందు తనను మధ్య రౌండ్లలో లెక్కవేసిన లీగ్ చేతనే అందరికన్నా ముందు పిలిపించుకున్నాడు. జో బరో కూడా ఒహాయో స్టేట్‌లో స్థానం దక్కక లూసియానా స్టేట్‌కు మారినవాడే. అక్కడ మొదటి ఏడాది 16 టచ్‌డౌన్ పాస్‌లు, రెండో ఏడాది 60, ఆ తరువాత డ్రాఫ్ట్‌లో మొదటి స్థానం. ఒకే మనిషికి ఒక్క ఏడాదిలో వచ్చిన తేడా అది. దానిలో అతని కష్టం ఎంత ఉందో, అతని చుట్టూ ఉన్న జట్టు, ఆ ఏడాది వచ్చిన కొత్త వ్యూహం అంతే ఉన్నాయి.

అందువల్ల 12 లక్షల అంకె కన్నా ముందు అడగవలసినవి వేరే ఉన్నాయి. అతని ముందు నిలబడి కాపాడే లైన్‌లో ఎవరు మిగులుతున్నారు, ఎవరు వెళ్ళిపోతున్నారు? ఆ విశ్వవిద్యాలయం, బదిలీ కోరే ఆటగాళ్ళు పేరు నమోదు చేసుకునే పోర్టల్‌లో ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ను కూడా పిలుస్తోందా? ఒప్పందంలో మధ్యలో వదిలితే డబ్బు తిరిగి కట్టాలన్న షరతు ఉందా? గాయపడితే చెల్లింపు ఆగుతుందా? ఈ కాగితాన్ని క్రీడా ఒప్పందాలు తెలిసిన న్యాయవాది చదవాలి, మీరు గానీ మీ వారు గానీ కాదు. ఇవే ప్రశ్నలు ఇప్పుడున్న విశ్వవిద్యాలయాన్ని కూడా అడగండి. కొత్తగా వచ్చే కోఆర్డినేటర్ తనకు అలవాటైన కుర్రవాణ్ణి వెంట తెచ్చుకోడన్న హామీ ఎవరూ ఇవ్వలేదు కదా. ఉన్న చోటే ఉంటే స్థానం ఉంటుందనుకోవడం ఈ రోజుల్లో చెల్లదు. పోర్టల్ తెరిచేది 2026లో ఒక్కసారే, జనవరి 2 నుంచి 16 వరకు. డ్రాఫ్ట్ గడువూ ఆ పక్షంలోనే కనుక రెండు నిర్ణయాలకూ ఒకే సమయం.

మీ డిగ్రీ వాదం గురించి మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. అది మీరు అనుకుంటున్నంత బలమైనది కాదు. ఏడు కోర్సులు ఎక్కడికీ పోవు. క్యామ్ న్యూటన్ 2011లో ఆబర్న్ విశ్వవిద్యాలయం వదిలి వెళ్ళి 2015లో డిగ్రీ పూర్తి చేశాడు. విశ్వవిద్యాలయం మారితే కొన్ని క్రెడిట్లు లెక్కకు రాకపోవచ్చు, ఏడు పది కావచ్చు. అది రిజిస్ట్రార్ ఆఫీసులో ఒక్క పూటలో తేలే విషయం. అయినా మీ మనసులో ఉన్నది కాగితం కాదని నాకు అర్థమవుతోంది. ఆట ఒక రోజు ఆగిపోతే వాడి దగ్గర ఏమి మిగులుతుందన్న భయం అది. ఆ భయం న్యాయమైనదే. స్టాన్‌ఫర్డ్ క్వార్టర్‌బ్యాక్ ఆండ్రూ లక్ 2011లో వెళ్ళి ఉంటే మొదటి ఎంపిక అయ్యేవాడని అందరూ అన్నారు. ఆర్కిటెక్చర్ చదువు ముగించడానికి ఉండిపోయి, 2012లో మొదటి ఎంపికగానే వెళ్ళాడు. వరస గాయాలతో విసిగి 29 ఏళ్ళకే ఆట మానేశాడు. 2024 చివర్లో అదే స్టాన్‌ఫర్డ్ ఫుట్‌బాల్ విభాగాన్ని నడిపే జనరల్ మేనేజర్ అయ్యాడు. డిగ్రీ కోసం వాదించకండి. ఆట తరువాతి జీవితం గురించి అతనితో మాట్లాడండి, అది అతను వినగలిగిన మాట.

మీ వారు ఉద్యోగం మానేయడం మాత్రం ఏ దారిలోనూ వద్దని నా గట్టి అభిప్రాయం. ఇంటి ఖర్చు ఇరవై ఒక్కేళ్ళ కుర్రవాడి భుజం మీద ఆధారపడిన రోజు నుంచి, అతను నొప్పి ఉన్నా లేదనే చెబుతాడు. ఇప్పటికే నాన్నకు చెప్పవద్దన్నాడంటే ఆ బరువు కొంత అప్పుడే పడిందేమోనని నా అనుమానం. ఇది నిందగా కాకుండా ఆయనకు మీరే చెప్పగలరు. కొడుకు ఆట చూడటానికి ఇన్నేళ్ళు వారాంతాలన్నీ కారులో గడిపిన తండ్రి అది విని నొచ్చుకుంటారు గానీ తోసిపుచ్చరు.

నా మొగ్గు ఎటో మీరు అడిగారు కనుక చెబుతాను. స్కాన్‌లో పెద్ద దోషం లేకపోతే ఇంకో ఏడాది కాలేజీలో ఆడటం మేలు. ఇక్కడా, అక్కడా అన్నది ఎక్కడ స్థానం స్పష్టంగా అతనిదో దాన్ని బట్టి తేల్చుకోవాలి, డబ్బు రెండో లెక్క. ఆపరేషన్ అవసరమని తేలితే కూడా చికిత్స ఖర్చు, కోలుకోవడానికి వ్యవధి విశ్వవిద్యాలయంలోనే ఎక్కువ దొరుకుతాయి. అయితే బదిలీ మాట అప్పుడు కొత్త కోచ్‌కు నిజం చెప్పాకే ఎత్తాలి, ఆ 12 లక్షలు తగ్గినా సరే. అరిగిపోయే భుజమని డాక్టరు తేల్చి చెప్పిన పక్షంలో మాత్రం డ్రాఫ్ట్‌కు వెళ్ళడం తప్పని నేను అనలేను. ఎంపిక కాకపోయే ప్రమాదాన్ని తెలిసి ఒప్పుకుని వెళ్ళాలి. వీటన్నిటి మీదా సంతకం చేసేది అతనే. మీరూ మీ వారూ కలిసి అతని ముందు పెట్టవలసింది తీర్పు కాదు, స్కాన్ రిపోర్టు, రెండు విశ్వవిద్యాలయాల జవాబులు, సలహా సంఘం ఉత్తరం. భోజనాల వేళ వద్దు. అతనే చెప్పిన సమయానికి, ముగ్గురూ కూర్చున్నప్పుడు, ముందు అతన్ని మాట్లాడనివ్వండి.

ఇక ఆ ఏజెంటు. రెండో రౌండు ఖాయమని ఏ ఏజెంటూ చెప్పలేడు, ఎందుకంటే ఎంచుకునేది జట్లు. ఆయన ఆటగాళ్ళ సంఘం దగ్గర గుర్తింపు ఉన్నవారో కాదో ఆ సంఘాన్నే అడిగి తెలుసుకోండి. గుర్తింపు ఉన్న ఏజెంటు జట్టు ఒప్పందంలో 3 శాతానికి మించి తీసుకోకూడదన్నది నియమం. వార్డ్ లాగా ప్రకటించి కూడా వెనక్కి రావడానికి గడువు తరువాత మూడు రోజుల వెసులుబాటు ఉంటుంది గానీ, ప్రొఫెషనల్ ఆట కోసం ఏజెంటుతో సంతకం చేస్తే కాలేజీ అర్హత పోయి ఆ దారి మూసుకుపోతుంది. ఆయన మళ్ళీ ఫోన్ చేస్తే, రిపోర్టులు వచ్చేదాకా ఏ కాగితం మీదా సంతకం ఉండదని మీ వారి చేతే చెప్పించండి.